ఒంటరిగా వ్యాన్‌లో తిరుగుతూ కొండల్లో నడవాలనుకునే బెంగళూరు వాళ్లకు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. సెకండ్ హ్యాండ్ మారుతి ఈకో వ్యాన్ ఒకటి చూసి పెట్టుకున్నారు. అందులో పరుపు వేసుకుని శని, ఆదివారాలు ఒక్కరే కొండలకూ అడవులకూ వెళ్లి నడవాలని ఉంది. అమ్మగారు వద్దంటున్నారు. ఆడపిల్ల ఒక్కతే ఇలా తిరగడం ఇక్కడ కుదిరే పనేనా, వ్యాన్‌ని అడవిలోనే ఆపుకుని పడుకోవచ్చా, ఏమేం కొనాలి అని అడిగారు.

కుదురుతుంది. నేను చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను, ఎక్కువగా ఒక్కదాన్నే. అయితే అందరూ కొనాల్సిన సామాను దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అది ఆఖరి విషయం. ముందు తేల్చుకోవాల్సింది రాత్రి బండి ఎక్కడ ఆపుతారన్నది. అది సరిగ్గా కుదిరితే మామూలు పరుపు, ఒక చిన్న ఫ్యాను ఉన్నా హాయిగా నిద్రపోతారు. అది కుదరకపోతే లక్షలు పోసి చేయించిన కారవాన్‌లోనైనా తెల్లార్లూ కళ్లు తెరుచుకునే ఉంటారు.

అడవిలో ఆపుకోవచ్చా అన్నదానికి జవాబు సూటిగా చెబుతాను: వద్దు, కుదరదు కూడా. విదేశీ వీడియోల్లో పార్కు లోపలే వ్యాన్‌కి చోటు, కరెంటు పాయింటు, కొళాయి ఉంటాయి. మన అభయారణ్యాలు, నేషనల్ పార్కులు అలాంటివి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. బండీపుర మీదుగా పోయే హైవేలను 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తున్నారు. పగలు కూడా ఆ రోడ్డు మీద బండి ఆపకూడదు, దిగకూడదు. బన్నేరుఘట్ట మనకు ఊరి చివరే అనిపిస్తుంది గానీ అది ఏనుగులు తిరిగే చోటు. కనకపుర దాటాక కావేరి వైపు కూడా అంతే. ఏనుగులున్న చోట రోడ్డు పక్కన వ్యాన్‌లో పడుకోవడం ధైర్యం అనిపించుకోదు.

మరి వ్యాన్ వల్ల లాభమేంటి? నా అనుభవంలో దాని అసలు లాభం తెల్లవారుజామున తెలుస్తుంది. బెంగళూరు నుంచి స్కందగిరికో, సావనదుర్గకో వెళ్లేవాళ్లు రాత్రి రెండింటికీ మూడింటికీ లేచి, నిద్ర కళ్లతో డ్రైవ్ చేస్తారు. కొండెక్కి దిగి, మధ్యాహ్నం ఎండలో మళ్లీ అదే నిద్ర కళ్లతో బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. కొండ మీదకంటే ఆ డ్రైవింగ్‌లోనే ప్రమాదం ఎక్కువ. వ్యాన్ ఉంటే శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరి, కొండకు పది కిలోమీటర్ల ఇవతల మనుషులున్న ఊళ్లో పడుకుంటారు. ఐదింటికి లేచి కాఫీ తాగి, గేటు తీసే వేళకు అక్కడుంటారు. ఎండ ముదిరేలోపు దిగిపోయి, వ్యాన్‌లో ఒక కునుకు తీసి, తీరిగ్గా ఇంటికొస్తారు. రాత్రి మనుషుల మధ్య, పొద్దున చెట్ల మధ్య ఉండేలా ప్లాన్ చేసుకోండి. నేను చెప్పేదంతా ఈ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతుంది.

ఇక ఎక్కడ ఆపాలి. అన్నిటికన్నా నయం టూరిజం వాళ్ల హోటల్ లేదా పల్లెలోని హోమ్‌స్టే ఆవరణ. గది వద్దు, బండి పెట్టుకుని పడుకుంటాను, బాత్రూం వాడుకుంటాను అని ముందే ఫోన్ చేసి అడగండి. చాలామంది కొంత డబ్బు తీసుకుని ఒప్పుకుంటారు. తర్వాత గుళ్లు, మఠాలు. పెద్ద గుడి ఆవరణలో కొళాయి, మరుగుదొడ్డి, రాత్రి కాపలా, పొద్దున్నే మనుషుల అలికిడి ఉంటాయి. ఆ తర్వాత హైవే మీద ఇరవై నాలుగ్గంటల పెట్రోల్ బంకు. అక్కడ లారీల చప్పుడు తప్పదు, కానీ లైట్లు, కెమెరాలు, మేలుకుని ఉండే మనుషులు ఉంటారు. డీజిల్ కొట్టించుకునే లారీలకు అడ్డం రాకుండా, ఆఫీసు గదికి ఎదురుగా ఆపండి.

వద్దనే చోట్లు కూడా చెబుతాను. చెరువు కట్ట ఫోటోల్లో ఎంత బాగున్నా రాత్రి పూట మందు పార్టీలకు అదే అడ్డా. కొండ కింద ఖాళీ పార్కింగ్ స్థలం చీకటి పడ్డాక నిర్మానుష్యం అయిపోతుంది. చిక్కబళ్లాపుర, కోలారు వైపు క్వారీలు ఎక్కువ. ఆ మట్టి రోడ్ల మీద వేళాపాళా లేకుండా టిప్పర్లు తిరుగుతాయి. మ్యాపులో ఖాళీగా, పచ్చగా కనిపించింది కదా అని అటు మలపకండి.

చోటు ఏదైనా వెలుతురు ఉండగానే చేరాలి. ఇది నేను ఎప్పుడూ సడలించని నియమం. ఆరింటికల్లా చేరితే చుట్టూ ఒకసారి నడిచి చూడొచ్చు, కుక్కలెన్నో, దీపాలెక్కడో తెలుస్తాయి. అక్కడున్న టీకొట్టులో ఒక టీ తాగండి. మన తెలుగువాళ్లకు ఇక్కడ పెద్ద వరం ఉంది. కోలారు, చింతామణి, బాగేపల్లి, పావగడ ప్రాంతాల్లో ఊరి జనం ఇంట్లో మాట్లాడేది చాలాచోట్ల తెలుగే. చింతామణి దగ్గర ఒక పల్లెలో గుడి పక్కన టీకొట్టు ఆవిడను "అక్కా, ఈ రాత్రికి బండి ఇక్కడ పెట్టుకుని పడుకోవచ్చా?" అని అడిగాను. ఆవిడ నన్ను వదిలేసి ముందు బండి లోపలికి తొంగి చూసింది. పరుపు, దుప్పటి, గోడకు తగిలించిన గరిటె చూసి, "ఒక్కదానివేనా? ఆ వేపచెట్టు కింద వద్దు, పిట్టలు పాడుచేస్తాయి. మా గోడ వారగా పెట్టుకో, పొద్దున నీళ్లు కావాలంటే తలుపు తట్టు" అంది. ఆ గోడ వారగా పడుకున్న రాత్రి నాకు ఏ తాళమూ ఇవ్వనంత నిశ్చింత దొరికింది. ఒక్క మనిషికైనా మీరు ఫలానా అని తెలిసి ఉండాలి. ఒక్కరికి చాలు, టీకొట్టులో ఉన్న అందరికీ మీ ప్రోగ్రాం చెప్పక్కర్లేదు.

బండి ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి. డ్రైవర్ సీటు మీద ఏమీ పెట్టొద్దు, తాళం చెవి రోజూ ఒకే చోట ఉండాలి. ఏమాత్రం అనుమానం వచ్చినా కిందికి దిగకుండా, లోపలి నుంచే ముందు సీట్లోకి వెళ్లి బండి తీసేయగలగాలి. అందుకే సీటుకూ పరుపుకూ మధ్య ప్లైవుడ్ గోడ కట్టించుకోకండి. నేల కొంచెం వాలుగా ఉంటే తల ఎత్తు వైపు పెట్టుకోండి, లేకపోతే పొద్దున తలనొప్పితో లేస్తారు. మీరు ఉన్న చోటు ఫోటోలు అక్కడి నుంచి కదిలాకే స్టేటస్‌లో పెట్టండి.

లోపల పడుకునేటప్పుడు గాలి సంగతి ప్రాణాలతో ముడిపడినది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అన్ని అద్దాలూ బిగించి పడుకుంటే తెల్లారేసరికి ఊపిరి తేమ అంతా అద్దాల లోపలివైపు నీళ్లయి కారుతుంది, దుప్పటి చెమ్మగిల్లుతుంది. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల మందం తెరిచి ఉంచాలి. వాటికి దోమతెరను ఫ్రేమ్ కన్నా అరచెయ్యంత పెద్దదిగా కత్తిరించి, అంచుల్లో చిన్న అయస్కాంతాలు కుట్టించండి. బయటి రేకుకు అతుక్కుంటుంది, పొద్దున లాగితే వచ్చేస్తుంది. మిగతా అద్దాలకు వెండి రంగు ఫోమ్ షీటు అద్దం ఆకారంలో కోసి లోపలి నుంచి ఇరికిస్తే బయటివాళ్లకు ఏమీ కనిపించదు.

ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లను లేవనివ్వదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు ఇలాగే చనిపోయారు. జనరేటర్ పొగ లోపలికి చేరిందని తర్వాత పరీక్షల్లో తేలింది. వాళ్లది ఖరీదైన, అన్ని హంగులూ ఉన్న బండి. అందుకే వ్యాన్‌లో గ్యాస్ పొయ్యి వెలిగించొద్దు, బొగ్గుల కుంపటి సంగతి చెప్పనే అక్కర్లేదు. వంట బయటే. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మీరు కొనాల్సిన మొదటి వస్తువు అదే.

అదృష్టం ఏమిటంటే బెంగళూరు చుట్టుపక్కల ఏసీ అవసరం పెద్దగా రాదు. మనం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రుళ్లు దుప్పటి కప్పుకోవాల్సిందే. చెన్నైలో ఉన్నవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు వేరేగా ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నేను వ్యాన్ తియ్యను.

కరెంటు లెక్క చాలామంది భయపడేంత కష్టమేమీ కాదు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో, మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, సుమారు 1.2 యూనిట్లు పడతాయి. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 0.16 యూనిట్. లీటరు నీళ్లు కాచడానికి 0.1 యూనిట్. చిన్న రైస్ కుక్కర్‌లో ఒకరికి సరిపడా అన్నానికి 0.2 వేసుకోండి. ఫోను, లైటు లెక్కలోకి రావు. ఇన్వర్టర్ కొంత తిన్నా రెండు రాత్రులకు సరిపోతుంది. శుక్రవారం ఇంట్లో ఛార్జ్ పెట్టుకుని వెళ్తే చాలు, వారాంతపు ప్రయాణాలకు సోలార్ ప్యానెల్ అవసరం లేదు. కెటిల్ మాత్రం 500 వాట్ల దగ్గర్లో ఉన్న చిన్నది తీసుకోండి, ఇంట్లో వాడే పెద్ద కెటిల్ అయితే ఇన్వర్టర్ కూడా పెద్దది కావాలి.

బండిలో మార్పుల గురించి. సీట్లు పీకేసి, పైకప్పు కోసి, కొత్త కిటికీలు పెట్టించాలనే ఆలోచన ఉంటే మానుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేది ఇదే. రేకుకు ఒక్క రంధ్రం కూడా పెట్టకుండా, పరుపు వేసుకోవడానికి మడత కాళ్ల మీద నిలబడే ప్లైవుడ్ పలక చేయించుకోండి. సోమవారం తీసేస్తే అది మళ్లీ మామూలు బండి. కొనేముందు సీట్లు మడిచి అందులో నిజంగా పడుకుని చూడండి. కాళ్లు చాపితే తగులుతుంటే ఆ బండి మీకు పనికిరాదు, ధర ఎంత తక్కువైనా సరే.

సామాను గురించి ఇంతే చెబుతాను: 20 లీటర్ల వాటర్ క్యాన్, మడత కుర్చీ, తలకు పెట్టుకునే టార్చి, మడత మరుగుదొడ్డి స్టూలు, దానికి సంచులు. ఆఖరిది ఆడవాళ్లకు చాలా ముఖ్యం. రాత్రి రెండింటికి బయటికి దిగాల్సిన అవసరం పోతుంది. మిగతావి రెండు మూడు ప్రయాణాలయ్యాక మీకే తెలుస్తాయి.

ఇప్పుడు నడక. కర్ణాటకలో అటవీశాఖ పరిధిలోని చాలా ట్రెక్‌లకు ముందుగా ఆన్‌లైన్ బుకింగ్ కావాలి. 2024 జనవరిలో కుమారపర్వతానికి జనం విరగబడ్డాక ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు 'అరణ్య విహార' పోర్టల్‌లో రోజుకు ఇంతమంది అన్న పరిమితితో టికెట్లు ఇస్తారు. కొండ కిందికి వెళ్లి బతిమాలుకోవచ్చులే అనుకోకండి. మండే కాలంలో, అంటే ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా, కార్చిచ్చు భయంతో కొన్ని మూసేస్తారు కూడా.

ఒంటరిగా నడవడానికి కొండ ఎంచుకోవడంలో ఎత్తు ఎంత అని చూడకండి. దారిలో మనుషులు కనిపిస్తారా, దారి తప్పే వీలుందా, రాయి జారుతుందా అని చూడండి. సావనదుర్గ సంగతే తీసుకోండి. 1,226 మీటర్ల శిఖరం, బెంగళూరుకు దగ్గర, అందరూ వెళ్తారు. కానీ అది నున్నటి ఏకశిల. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడు కాలు నిలవదు. చిన్న తుంపర పడినా సబ్బు రాసిన బండలా అయిపోతుంది. మొదటిసారి అక్కడికి ఒంటరిగా వద్దు. రామనగర రామదేవర బెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం. మెట్ల దారి వదిలి పక్క బండల మీదికి వెళ్లకూడదు. ఆ చుట్టుపక్కల ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. నిజానికి చిరుత కన్నా ఎలుగుబంటితోనే నాకు భయం. దాని చూపు మందం. మనిషి అలికిడి వినిపించక ఉన్నట్టుండి ఎదురుపడితే అది పారిపోదు, మీదపడుతుంది. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, పొదల మలుపుల్లో చప్పట్లు కొడుతూ, మాట్లాడుతూ నడవండి. పూర్తిగా తెల్లారకుండా ఎక్కొద్దు, సాయంత్రం ఐదు తర్వాత కొండ మీద ఉండొద్దు.

తేనెటీగల గురించి చాలామంది మాట్లాడరు. గ్రానైటు కొండల చరియలకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. సెంటు రాసుకుని వెళ్లొద్దు, ఆ కింద పొగ పెట్టొద్దు. లేస్తే చేతులు ఆడించకుండా మొహం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, నోటితో పీల్చడం ఏదీ చెయ్యకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఉండే ఆసుపత్రికి చేరాలి. ఆ ఆసుపత్రి ఎక్కడుందో బయల్దేరేముందే మ్యాపులో గుర్తు పెట్టుకోండి. ఎమర్జెన్సీకి 112, అటవీశాఖ హెల్ప్‌లైన్ 1926. తర్వాతెప్పుడైనా శివమొగ్గ, మలెనాడు వైపు వెళ్తే డిసెంబరు నుంచి మే దాకా మంగన జ్వరం, అంటే కోతి జ్వరం సీజన్. 1957లో అక్కడి క్యాసనూరు అడవిలోనే ఆ వైరస్‌ను గుర్తించారు. గోమార్లు కుట్టడం వల్ల వస్తుంది. నిండు చేతుల చొక్కా వేసుకోండి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, ఆకుల మీద కూర్చోకండి.

అమ్మగారి టెన్షన్ సంగతి. "ఏం కాదులే అమ్మా" అంటే ఏ తల్లికీ నిద్ర పట్టదు. ఆవిడ చేతికి ఒక కాగితం ఇవ్వండి: బండి నంబరు, రాత్రి ఎక్కడ ఆపుతున్నారో ఆ చోటు, అక్కడి స్థానిక పోలీస్ స్టేషన్ నంబరు, ఏ కొండ, ఏ దారి, ఎన్నింటికి దిగుతారు. దిగాక ఫోన్ చేస్తాను, పదకొండింటికి రాకపోతే నువ్వు నాకు చెయ్యి, పన్నెండింటికి కూడా ఎత్తకపోతే ఈ నంబరుకు చెయ్యి అని రాసివ్వండి. మీరు ఒక్కసారి కూడా ఆ టైం తప్పకుండా ఉంటే, కొన్నాళ్లకు ఆవిడే "ఈ వారం ఎక్కడికి?" అని అడుగుతారు. నేను మా ఇంట్లో చూశాను. గేటు దగ్గర టికెట్ ఇచ్చే గార్డుకు కూడా ఒక్కదాన్నే వెళ్తున్నాను, ఇన్నింటికి దిగుతాను అని చెప్పి వెళ్లండి. దిగాక కనిపించి వెళ్లండి. సిగ్నల్ లేని చోట మీకోసం వెతికే మొదటి మనిషి అతనే.

మొదటి ప్రయాణానికి నా సలహా కైవారం, గుడిబండె. శుక్రవారం సెలవు పెట్టి మధ్యాహ్నం బయల్దేరి కైవారం చేరండి. తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు రాసిన కైవార తాతయ్య ఊరు అది. మఠం దగ్గర ఎప్పుడూ మనుషులుంటారు. అడిగి బండి పెట్టుకోండి. శనివారం పొద్దున పక్కనే ఉన్న కైవార బెట్ట కింది దారుల్లో తేలిగ్గా నడవండి, కాళ్లకు అలవాటవుతుంది. సాయంత్రం బాగేపల్లి వైపు హైవే బంకులో ఆగి, ఆదివారం ఏడింటికి గుడిబండె కోట ఎక్కండి. ఇది చిక్కబళ్లాపుర జిల్లాలోని గుడిబండె. మ్యాపులో కొడితే మన శ్రీ సత్యసాయి జిల్లాలోని గుడిబండకు తీసుకుపోగలదు, చూసుకోండి. మెట్ల దారి ఉంది, ఊరు కళ్ల ముందే ఉంటుంది, తప్పిపోయే ప్రశ్నే లేదు. వాన నీళ్లు పట్టడానికి బండల్లో తొలిచిన దొనలు చూడండి. పై నుంచి భైరసాగర చెరువు మొత్తం కనిపిస్తుంది.

ఈ రెండు రాత్రులూ సరిగ్గా నిద్రపట్టిందనుకుంటే తర్వాత సుల్తాన్‌పేట వైపు నుంచి నంది కొండకు పాత మెట్ల దారి. మన పెన్న పుట్టింది ఆ కొండల వరసలోనే. ఆ తర్వాత మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ, సుమారు 150 కిలోమీటర్లు. పైన టూరిజం వాళ్ల ఆవరణ ఉంది, భాష మనదే. అక్కడి దాకా ఇబ్బంది లేకుండా వెళ్లొస్తే తలకోనకు దారి, ఆగాల్సిన చోట్లు విడిగా రాస్తాను. బండి కొనేముందు లోపలి పొడవు, మీ ఎత్తు కొలిచి ఇక్కడ పెట్టండి. పలక ఏ కొలతల్లో కోయించాలో చెబుతాను.